భోజనం వేళ గాలి

జూన్ 2, సోమవారం

ఇవాళ్టితో నా గాలి లెక్కల ప్రోగ్రాం అయిపోయింది. గని మొత్తం నూట పన్నెండు గీతలు, డెబ్బై నాలుగు చుక్కలు. ప్రతి దారీ ఒక గీత, దారులు కలిసే ప్రతి చోటూ ఒక చుక్క. దారిలోని వంకరలు, ఊడిన పెచ్చులు, అడ్డంగా పడేసిన దుంగలు, అన్నీ కలిపి గీతకో అంకె. అంకె పెద్దదైతే గాలి వెళ్లడం కష్టం, చిన్నదైతే సులువు. మీట నొక్కితే నాలుగు సెకన్లలో ఏ దారిలో ఎంత గాలి నడుస్తోందో చెప్పేస్తుంది.

పోయినేడాది పెద్ద కంపెనీవాళ్లు తెచ్చిన ప్రోగ్రాం గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. రంగురంగుల బొమ్మలు, ఒక్క లెక్కకి తొమ్మిది గంటలు. మేనేజరు సాయంత్రం దాకా ఓపికపట్టి, "ఇంతకీ కొత్త సెక్షన్‌కి గాలి చాలుతుందా, చాలదా?" అని అడిగితే, ఇంకా తేలలేదన్నారు. నాది తడుముకోదు. కొత్త సెక్షన్‌కి సెకనుకి పద్నాలుగు ఘనపు మీటర్లు. కావాల్సింది పది. గనిలో గాలి కొలిచే మామయ్య పోయిన నెల రిజిస్టరులో రాసింది పదమూడు పాయింట్ ఎనిమిది. మామయ్య కొలతలతో సరిపోయేదాకా గీతల అంకెలు నేనే సవరించిన మాట నిజమే. కానీ ఎవరైనా అలాగే చేస్తారు.

పెద్ద ఫ్యాను వేగం తగ్గించినా పదకొండు పాయింట్ మూడు వస్తుంది. మిగిలే కరెంటుతో లోపల నీళ్లు తోడే రెండో మోటారు నడుస్తుంది. ఆర్నెల్లుగా మోకాళ్ల లోతు నీళ్లలో పనిచేస్తున్నారు అక్కడివాళ్లు. 

"మీ లెక్క మీద నమ్మకముందా?" అన్నాడు మేనేజరు.

"నా పేరు మీద ఎంతుందో అంతుంది సార్."

పదహారో తారీఖు నుంచి ట్రయల్. సంతకం పెట్టేశాడు.

జూన్ 3, మంగళవారం

మామయ్యకి చెప్పాను. అమ్మకి తమ్ముడు, నాకు ఈ పని అంటే ఇష్టం పుట్టించింది ఆయనే. ముప్పై ఏళ్లుగా గనిలో గాలి కొలవడమే ఆయన ఉద్యోగం. పనివాళ్లంతా గాలాయన అంటారు. చేతిలో గాలిమర, అంటే అరచేయంత ఇత్తడి చక్రం, చంకలో రిజిస్టరు.

"ఇక ప్రతి వారం తిరగక్కర్లేదు మామయ్యా. నెలకోసారి చాలు. మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది. నీ మోకాళ్లకి విశ్రాంతి."

"మోకాళ్లు అడిగాయా నిన్ను?" అన్నాడు. 

స్క్రీన్ దగ్గరికి వచ్చి కళ్లజోడు సవరించుకుని చూశాడు. తను ముప్పై ఏళ్లు నడిచిన దారులన్నీ అరచేయి వెడల్పు బొమ్మలో ఉన్నాయి. వేలితో ఒక చుక్క మీద ఆపి, "ఇక్కడ తలుపులు రెండుంటాయి, నువ్వు ఒకటే గీశావు," అన్నాడు.

రెండూ ఎప్పుడూ కలిసే పనిచేస్తాయి కాబట్టి కలిపి ఒక గీత చేశానని చెప్పాను. ఈ పద్ధతిలో అందమే అది, అక్కర్లేనిది వదిలేయడం. ఆయన తలూపాడు. బాధపడ్డాడేమో. ఆర్నెల్లలో రిటైరయ్యే మనిషికి ఆ మాత్రం ఉంటుంది. సర్దుకుంటాడు.

జూన్ 5, గురువారం

తమ్ముడు పనిచేసేది కొత్త సెక్షన్‌లోనే, చివరాఖరు చోట, ఇంకో పదకొండుమందితో. భోజనాల దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే అడిగాడు.

"అక్కా, నీ లెక్కలో బండి ఉందా?"

"ఏం బండి?"

"బొగ్గు బండి. మా హారన్ నడిపేది."

హారన్ అంటే ఇంజను డ్రైవరు. మలుపున్నా లేకపోయినా మోగించుకుంటూ పోతాడని ఆ పేరు.

"గాలి లెక్కలో బండి ఎందుకుంటుందిరా?"

"బండి తలుపుల్లోంచి పోతుంటే మా దగ్గర గాలి ఏడ్చే పిల్లాడిలా గుక్కపట్టేస్తుంది. రిబ్బను వాలిపోతుంది."

"ఏ రిబ్బను?"

అమ్మ నీళ్ల గ్లాసు వెతకడం మొదలుపెట్టింది. గ్లాసు ఎదురుగానే ఉంది. తేలిందేమిటంటే, నేను దాచుకున్న స్కూలు రిబ్బను, ఎర్రది, వీడు రెండేళ్ల కిందటే పెట్టెలోంచి కొట్టేశాడు, అమ్మకి తెలిసే. దాన్ని పనిచేసే చోట దుంగకి కట్టారట. ఎగురుతుంటే గాలి ఉన్నట్టు, వాలితే లేనట్టు.

"రిబ్బన్లు చూసి గాలి కొలిచే కాలం పోయిందిరా నాయనా," అన్నాను.

"మా కాలం ఇంకా పోలేదు కదా," అన్నాడు.

"మీ గాలి గొడవేమో గానీ కూర చల్లారిపోతోంది," అంది అమ్మ.

జూన్ 6, శుక్రవారం

నాకేమీ కోపం రాలేదు. చెప్పకుండా తీసుకున్నందుకే, అంతే.

జూన్ 9, సోమవారం

సంగతి తేల్చేద్దామని మామయ్యతో గనిలోకి దిగాను.

తలుపుల దగ్గర ఆగాం. లోపలికొచ్చే మంచిగాలి దారికీ, చెడుగాలి బయటికెళ్లే దారికీ మధ్య అడ్డదారి అది. అక్కడ రెండు చెక్క తలుపులు, రబ్బరు అంచులు, మధ్య అరవై అడుగులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. మామయ్య నా చిన్నప్పుడు చెప్పిన మాటే మళ్లీ చెప్పాడు. "గాలి ఉత్త సోమరిపోతు. రెండూ తెరిచావంటే ఈ అడ్డదారిన పడి బయటికి పోతుంది. అంత దూరం మీ తమ్ముడి దాకా ఎందుకెళ్తుంది?"

కొత్త సెక్షన్ మొదట్లో ఆయన కొలిచే తీరు చూడాల్సిందే. గాలికి తన ఒళ్లు అడ్డం రాకుండా పక్కకి తిరిగి, చెయ్యి బారచాపి, చక్రాన్ని గోడ నుంచి గోడకి నెమ్మదిగా తిప్పుతాడు. దారంతా నిశ్శబ్దం. భోజనం వేళ కదా, బండి దూరంగా ఆగి ఉంది. హారన్ ఇంజను పక్కన కూర్చుని డబ్బా విప్పుకుంటున్నాడు. చక్రం గిరగిరా తిరిగే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

పదమూడు పాయింట్ తొమ్మిది.

"మామయ్యా, నేను పద్నాలుగన్నాను!"

"అన్నావు."

అక్కడే గెంతులు వేయలేదు గానీ, వేసినంత పనైంది. పాయింట్ ఒకటి తేడా. తొమ్మిది గంటల ప్రోగ్రాంవాళ్లని పిలిచి చూపించాలనిపించింది. మామయ్య రిజిస్టరులో రాసి, పెన్ను మూత పెడుతూ, "అమ్మాయ్, ఈ దారిలో..." అని ఏదో అనబోయాడు. ఇంతలో హారన్ మోగింది, భోజనం అయిపోయినట్టుంది. బండికి దారిచ్చి బయటికి వచ్చేశాం.

జూన్ 10, మంగళవారం

రిజిస్టరులో తారీఖు ఉంది, చోటు ఉంది, కొలత ఉంది, సంతకం ఉంది. సమయం రాసే గడి లేదు.

ఊరికే అనుమానం తీర్చుకుందామని దీపాల గదికి వెళ్లి, ఎవరు ఎప్పుడు దిగారో రాసే పుస్తకం తిరగేశాను. మామయ్య ప్రతి వారం భోజనానికి ఇరవై నిమిషాల ముందు దిగాడు. నాకు దొరికిన పదకొండేళ్ల పుస్తకాల్లో ఎక్కడ చూసినా అంతే. అంటే నా బొమ్మలో ఉన్నది బండి ఆగి, తలుపులు మూసి, అందరూ డబ్బాలు విప్పుకున్నప్పటి గని.

సరే, ఉండనీ. లెక్క వేద్దాం. బండికి తగిలించే టబ్బులు, అంటే బొగ్గు తొట్లు, రెండేళ్ల కిందట ఎనిమిది నుంచి పన్నెండుకి పెరిగాయి. తలుపుల మధ్య దూరం కన్నా ఇప్పుడు బండే పొడుగు. కాబట్టి వెళ్లేటప్పుడు రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉంటాయి, ఒక్కోసారికి రెండు నిమిషాలు. షిఫ్టుకి తొమ్మిది సార్లు. పద్దెనిమిది నిమిషాలు. నాలుగు వందల ఎనభై నిమిషాల్లో పద్దెనిమిది.

నాలుగు శాతం. నాలుగు శాతానికి ఎవరైనా ట్రయల్ ఆపుతారా?

జూన్ 11, బుధవారం

మళ్లీ చేసి చూశాను. నాలుగే.

జూన్ 16, సోమవారం

ఫ్యాను వేగం తగ్గించాం. మేనేజరు, ఫ్యాను ఆపరేటరు, నేను. మోత సన్నబడింది, అంతే తేడా. మధ్యాహ్నానికి రెండో మోటారు నడిచింది. కాళ్ల కింద నేల కనిపించి చాలా రోజులైందని పంపు దగ్గరివాళ్లు ఫోన్ చేసి చెప్పారు. మేనేజరు నా భుజం తట్టబోయి, మర్యాద గుర్తొచ్చి టేబుల్ తట్టాడు.

స్క్రీన్ మీద కొత్త సెక్షన్ పదకొండు పాయింట్ మూడు. ఆకుపచ్చ రంగు.

తమ్ముడు ఇంటికి వచ్చి, తిని పడుకున్నాడు. రిబ్బను ఎలా ఉందని నేను అడగలేదు.

జూన్ 17, మంగళవారం

రెండో రోజు. బాగుంది. నాలుగు శాతం.

జూన్ 19, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదీ పదికి బండి తలుపుల్లోంచి వెళ్తుండగా తొమ్మిదో టబ్బు పట్టాలు దిగింది. ముందు తలుపు తెరిచే ఉంది, వెనక తలుపు తెరిచే ఉంది, మధ్యలో బండి. హారన్ జాకీలు తెప్పించి టబ్బుని పట్టాలెక్కించేసరికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఇరవై ఆరు నిమిషాలూ గాలంతా అడ్డదారిన బయటికి పోయింది.

లోపల రిబ్బను వాలింది. మామూలుగా అయితే రెండు నిమిషాల్లో లేస్తుంది. ఐదు నిమిషాలకీ లేవకపోతే తమ్ముడు మీటరు చూడమన్నాడట. ఆక్సిజన్ దిగుతోంది. పాత తవ్వకాల్లో నిలవున్న చెడుగాలి ఇవతలికి వస్తోంది. మేస్త్రీ అందరినీ బయటికి నడవమన్నాడు. లెక్కపెడితే పదకొండుమందే ఉన్నారు. వినపడదని అందరూ చెవిటాయన అని పిలిచే మనిషి లేడు. లోపలి మూల డ్రిల్లు మీద ఉన్నాడాయన. అక్కడికి రిబ్బను కనపడదు, కేక వినపడదు. తమ్ముడు వెనక్కి వెళ్లాడు.

ఆ సమయానికి నేను ఆఫీసులో టీ తాగుతున్నాను. స్క్రీన్ మీద పదకొండు పాయింట్ మూడు. ఆకుపచ్చ. ఫోన్ వచ్చాక కూడా అదే చూపిస్తూ కూర్చుంది. దానికి తెలిస్తే కదా.

వాళ్లు పైకి వచ్చేసరికి పరిగెత్తాను. చెవిటాయన తన కాళ్ల మీద తనే నడుస్తున్నాడు, పని మధ్యలో లాక్కొచ్చారని చిరాకుపడుతున్నాడు కూడా. తమ్ముడు గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. మొహం బూడిద రంగులో ఉంది. నన్ను చూసి చేత్తో వద్దు, దగ్గరికి రావద్దు అన్నాడు. బట్టలు పాడవుతాయనా, కోపమా అన్నది తెలియలేదు.

ఫ్యాను వేగం పెంచేయమని ఆపరేటరుకి నేనే చెప్పాను. మేనేజరుని అడగలేదు.

డాక్టరు చూసి, రేపటికి తలనొప్పి తగ్గిపోతుందన్నాడు. మిగతావాళ్లకి ఏమీ కాలేదు.

నాలుగు శాతం. తొమ్మిది సార్లు రెండేసి నిమిషాలు కదా అని పంచేసి ఊరుకున్నాను. ఆ పద్దెనిమిదీ ఒకేసారి వస్తే ఏమవుతుందని నన్ను నేను అడగలేదు. పదో తారీఖునే నాకు భయం వేసింది. వేసిందని ఇక్కడ రాసుకోలేదు, అంతే.

జూన్ 20, శుక్రవారం

మామయ్య వచ్చాడు. తమ్ముడి మంచం పక్కన కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తప్పు నాది," అన్నాడు. "బండి నడిచే దారిలో నిలబడి కొలవాలంటే బండి ఆపాలి. నా ఒక్కడి కోసం వాళ్ల పనెందుకు ఆపడం అని భోజనం వేళ వెళ్లేవాణ్ణి. ఎవరికీ అడ్డం లేకుండా. ముప్పై ఏళ్లు నేను రాసిందంతా భోజనం వేళ గాలి."

"ఆ రోజు చెప్పబోయావు కదా మామయ్యా."

"చెప్పబోయాను. నువ్వు అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు."

"నీ తప్పేం లేదు గాలాయనా," అన్నాడు తమ్ముడు, పడుకునే. "బండి పొడుగు పెంచినప్పుడు తలుపు జరపాలని ఎవడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, రిబ్బను కట్టుకుని ఊరుకున్నాను."

నా నాలుగు శాతం లెక్క వాడికి చెప్పేశాను. మంచినీళ్లిస్తే తాగాడు. గ్లాసు తిరిగిస్తూ, "మావాళ్లు ఇక ఆ సెక్షన్‌లోకి వెళ్లరట. నేనూ వెళ్లను," అన్నాడు. "అంకె చూపిస్తే వెళ్లం అక్కా. ఈసారి మనిషిని చూపించాలి."

జూన్ 21, శనివారం

మేనేజరు రిపోర్టు అడిగాడు. తలుపు వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "రిజిస్టరులో కొలతలు సరిగా తీయలేదు, అందువల్ల లెక్క తప్పింది అని రాయండి. అబద్ధమేమీ కాదు కదా. ఆయనకి ఎలాగూ ఆర్నెల్ల సర్వీసే. మీ ప్రోగ్రాం మీద మచ్చ పడకుండా ఉంటుంది."

అబద్ధం కాదు. అందుకే గంటన్నర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యంతో నా గీతలు నిలబడతాయి, మామయ్య ముప్పై ఏళ్లు పోతాయి.

రాసింది ఇది: "కొలతలు ఏ వేళ తీసినవో నేను అడగలేదు. భోజనం వేళ తీసినవని పదో తారీఖున తెలిసింది. తెలిసీ ట్రయల్ ఆపమనలేదు. రెండు తలుపుల్ని ఒక గీతగా కలిపింది నేనే, అందువల్ల మధ్యలో బండి ఆగితే ఏమవుతుందో లెక్కకి కనపడే వీలు లేకపోయింది." కింద నా పేరు, నా సంతకం.

మేనేజరు రెండుసార్లు చదివాడు. "ఇది రాశాక ఇంకో ప్రోగ్రాం ఎవరు నమ్ముతారమ్మా?"

"ఇది రాశాకే నమ్ముతారు సార్. వారం ఇవ్వండి."

నా గొంతు విని నాకే ఆశ్చర్యం వేసింది. ఒక్క వణుకు లేదు.

జూన్ 24, మంగళవారం

నూట పదమూడు గీతలు, డెబ్బై ఐదు చుక్కలు. ఒక్క గీత, ఒక్క చుక్క పెరిగాయి. తలుపులు రెండయ్యాయి. ఇంకా ఒకటి చేర్చాను, బండి. నిమిషానికో లెక్క. ఏ నిమిషం బండి ఎక్కడుంది, ఏ తలుపు తెరిచి ఉంది. హారన్‌ని కూర్చోబెట్టి అడిగాను, ఎక్కడ నెమ్మదిస్తావు, ఎక్కడ ఆగుతావు, ఎక్కడ టబ్బులు ఎక్కువగా పట్టాలు దిగుతాయి అని. "ఇన్నేళ్లలో నన్ను ఒక మాట అడిగినవాళ్లు మీరే మేడం," అని రెండు గంటలు చెప్పాడు. మామయ్య పక్కనే ఉండి, అబద్ధం వినపడ్డప్పుడల్లా దగ్గాడు.

నాలుగు సెకన్లది ఆరు సెకన్లయింది.

మొదట పందొమ్మిదో తారీఖు వేసి చూశాను. ఫ్యాను తక్కువ వేగం, తలుపుల మధ్య ఆగిన బండి. కొత్త సెక్షన్ రెండు పాయింట్ ఒకటి. ఎరుపు.

ఆరు సెకన్ల పని. పదో తారీఖున చేసి ఉంటే ఆరు సెకన్ల పని. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చి రెండో తలుపుని నలభై అడుగులు అవతలికి జరిపాను, స్క్రీన్ మీద. బండి ఎక్కడ ఆగినా ఒక తలుపు మూసే ఉంటుంది. ఫ్యాను మామూలు వేగం. బండి ఆగితే పన్నెండు పాయింట్ ఒకటి.

జూన్ 25, బుధవారం

ఎన్నిసార్లు చేసినా పన్నెండు పాయింట్ ఒకటే. మళ్లీ మళ్లీ చేస్తున్నది భయంతోనే. ఈసారి రాసుకుంటున్నాను.

జూన్ 30, సోమవారం

వడ్రంగులు తలుపు జరిపారు. కొత్త చట్రం, కొత్త రబ్బరు. నీళ్ల మోటారుకి కరెంటు వేరే లైను నుంచి ఇస్తున్నారు. అది కూడా ముందే చేయొచ్చని ఎవరికీ తోచలేదు.

"ఈసారి నమ్మకముందా?" అన్నాడు మేనేజరు.

"ఉంది సార్. అందుకే నేనూ అక్కడే కూర్చుంటాను."

జూలై 3, గురువారం

పొద్దున షిఫ్టుతో పాటే దిగాను. భోజనం వేళ కాదు, పని వేళ. తమ్ముడి జట్టు సెక్షన్ మొదట్లోనే ఆగిపోయింది. నేను ముందు నడిచి చివరి దాకా వెళ్లి, దుంగ కింద బొగ్గు మీద కూర్చున్నాను. తల పైన నా రిబ్బను, మసిపట్టి ఎరుపో నలుపో తెలియకుండా, టపటపా కొట్టుకుంటోంది. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చారు. చెవిటాయన నా పక్కనే కూర్చుని, బాగున్నావా అన్నట్టు తలూపాడు. ఈసారి ఆయన్ని రిబ్బను కనపడే చోటే కూర్చోబెట్టారు.

ఏర్పాటంతా నాదే. హారన్ బండిని తలుపుల మధ్య కావాలని పది నిమిషాలు ఆపాలి. మామయ్య, ముప్పై ఏళ్లలో మొదటిసారి, పని నడుస్తుండగా నిలబడి కొలవాలి. నా అంకె కాగితం మీద రాసి, మడిచి, తమ్ముడి జేబులో ముందే పెట్టాను.

దూరంగా హారన్ మోగింది. చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

రిబ్బను వాలడం మొదలుపెట్టింది.

అందరి దీపాలూ దాని వైపు తిరిగాయి. లెక్క సరైనదే. తలుపు చట్రం నేనే కొలిచాను. అయినా సరే, వాలుతున్న ఆ గుడ్డపీలిక తప్ప నాకింకేమీ కనపడలేదు. సగం దాకా దిగింది. అక్కడ ఆగింది. పక్కకి చాచిన వేలులా నిలబడి, సన్నగా వణుకుతూ ఉండిపోయింది. ఒక నిమిషం. మూడు. పది.

"పదకొండు పాయింట్ ఎనిమిది!" సెక్షన్ మొదట్లోంచి మామయ్య కేక.

తమ్ముడు జేబులోంచి కాగితం తీసి దీపం వెలుగులో చదివాడు. నా వైపు చూశాడు.

"పన్నెండు పాయింట్ ఒకటి అన్నావు. తప్పేగా."

"పాయింట్ మూడే కదరా!"

"శాతంలో చెప్పు," అన్నాడు, నవ్వుతూ. పదిహేను రోజుల తర్వాత నవ్వాడు. పక్కనున్న పార తీసుకుని లేచాడు. వాడి వెనక మిగతావాళ్లూ లేచారు.

వెనక్కి వస్తుంటే మామయ్య దీపాన్ని రిజిస్టరుకి దగ్గరగా పెట్టుకుని రాస్తూ కనిపించాడు. పేజీలో స్కేలుతో కొత్త గీత కొట్టి ఇంకో గడి చేశాడు. పైన "సమయం" అని రాశాడు. కింద 10.40. దాని పక్కన, ఆయన గుండ్రటి అక్షరాల్లో, "బండి ఉంది."

"గాలాయనా!" తలుపుల దగ్గర్నుంచి హారన్ గొంతు. "ఇక కదలమంటారా, భోజనం ఇక్కడే కానివ్వమంటారా?"